పెళ్లి గుర్రం కాలు చూసి అడ్వాన్సు ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక పెళ్లి ఊరేగింపు ఫోటో వేశారు. పెళ్లికొడుకు, తలపాగా, బ్యాండు మేళం, లైట్లు, అన్నీ బాగున్నాయి. నా కళ్లు మాత్రం గుర్రం కాలి మీదికే పోయాయి. ముందు కుడికాలు జానెడు ముందుకు చాపి, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడి ఉంది. చూసేవాళ్లకు అది ఠీవిగా ఫోజు పెట్టినట్టు ఉంటుంది. గుర్రం వెనక కాళ్లను మార్చి మార్చి సడలించి నిలబడటం మామూలే, కునుకు తీసేటప్పుడు కూడా అట్లాగే చేస్తుంది, కానీ ముందుకాలు ఒకటే పనిగా చాపి పెడుతోందంటే ఆ కాల్లో ఎక్కడో నొప్పి ఉందని అనుమానించాల్సిందే. ఒక్క ఫోటో చూసి తీర్పు చెప్పే మొనగాడిని కాను, ఆ గుర్రం ఎవరిదో కూడా నాకు తెలియదు. అయినా ఎప్పటి నుంచో రాయాలనుకుంటున్న సంగతి ఇది, ఆ ఫోటో చూశాక ఇంక ఆగలేకపోయాను.

మాది కావలి. మా తాత రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, మా నాయన కూడా కొన్నాళ్లు తోలాడు, తర్వాత ఆటోలు వచ్చి జట్కాలు పోయాయి. గుర్రాలను వదులుకోలేక పెళ్లిళ్లకు, ఊరేగింపులకు, సెలవుల్లో బీచ్ దగ్గర పిల్లలను ఎక్కించడానికి తిప్పుకుంటూ బతుకుతున్నాం. మాలాంటి వాళ్లు నెల్లూరులో ఉన్నారు, ఒంగోలులో ఉన్నారు, మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల దగ్గర కనపడతారు. దేశం మొత్తంమీద గుర్రాలు 2012 పశుగణనలో ఆరు లక్షల పైచిలుకు ఉంటే 2019 గణనకు 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రాలు తగ్గితే వాటి పని తెలిసినవాళ్లూ తగ్గుతారు కదా. ఇప్పుడు మా కష్టమంతా అక్కడే ఉంది.

కాలు పూర్తిగా ఎత్తేసి మూడు కాళ్ల మీద గెంతే గుర్రాన్ని ఎవరైనా గుర్తుపడతారు, పని ఆపేస్తారు, డాక్టరును పిలుస్తారు. చిక్కంతా ఈ కొంచెం కుంటుతోనే. ఇసుకలో బాగానే నడుస్తుంది, సిమెంటు రోడ్డు ఎక్కగానే అడుగు పొట్టిగా వేస్తుంది. కంకర కనపడితే ఆగి, చూసి, ఆచితూచి కాలు పెడుతుంది. మలుపు తిప్పబోతే మొరాయిస్తుంది. దాణా తింటుంది, లద్దె మామూలుగానే వేస్తుంది, జ్వరం లేదు, వాపు లేదు, గాయం లేదు. ఇక చూసినవాళ్లంతా డాక్టర్లే. భుజం పట్టేసిందని ఒకరు, చలిగాలికి బిగుసుకుందని ఒకరు, దిష్టి తగిలింది నిమ్మకాయలు కట్టమని ఒకరు, వట్టి బద్ధకం రెండు తగిలిస్తే అదే నడుస్తుందని ఇంకొకరు. ఈ చివరి మాట అన్నవాళ్లను మాత్రం మా లాయం గడప తొక్కనివ్వను.

భుజం మాట మా నాయన కాలం నుంచీ ఉంది. గుర్రం ముందుకాలు కుంటితే అందరి చెయ్యీ భుజం మీదికే పోతుంది, ఆవనూనె, మాలీసు, కాపడం అన్నీ అక్కడే. నిజానికి ముందుకాలి కుంటుల్లో ఎక్కువ భాగం డెక్కలోనే ఉంటాయి. గుర్రం ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది, పైన పెళ్లికొడుకు, జీను, పూలదండలు, ఒక్కోసారి ముందు ఒక చిన్నపిల్లాడు. ఇదంతా చివరికి దిగేది అరచెయ్యంత డెక్కలోకి. కాబట్టి కారణం తెలియని కుంటు అన్నప్పుడు వెతుకులాట డెక్క నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి.

మా గుర్రం రాణి సంగతి చెబుతాను. కార్తీకం ముహూర్తాల ముందు సంగతి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆ ఏడు ముసురు పట్టి లాయంలో నేల ఆరనే లేదు. ఒకరోజు బయటికి తోలుకొస్తుంటే అడుగులో ఏదో తేడా. కుంటుతోంది అని చెప్పలేం, కుంటట్లేదు అనీ చెప్పలేం. మా తమ్ముడు "ఏందన్నా, ఇది నిప్పుల మీద నడిచినట్టు నడస్తా ఉండాదే" అన్నాడు. డెక్కలు కడిగి చూశాం, మేకు లేదు, ముల్లు లేదు. దగ్గర్లోని పశువుల ఆసుపత్రి డాక్టరు గారు మంచివాడు, "బర్రెలు, గొర్రెలయితే నిద్రలో లేపినా చెబుతాను, గుర్రం కాలు నా చేతిలో పడేది ఏడాదికి ఏ ఒక్కసారో" అని ఉన్నమాట చెప్పాడు. ఆ నిజాయితీకి ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. ఇంతలో ముహూర్తం దగ్గర పడింది, ఊరేగింపు కాంట్రాక్టు తీసుకున్నాయన ఫోను. "ఒక ఇంజెక్షన్ పొడిపించి తీసుకురాన్నా, రెండు గంటలే కదా, గుర్రం డ్యాన్స్ కూడా ఉండాలి, పార్టీ వాళ్లకు మాటిచ్చాను" అన్నాడు. కుదరదన్నాను. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాను, ఆ సీజన్ అంతా ఆయన మళ్లీ నన్ను పిలవలేదు. పోనీలెండి.

తర్వాత ఎవరో చెబితే, ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్ద పశువైద్యుడితో ఫోనులో మాట్లాడాను. ఆయన అడిగింది విని ఆశ్చర్యమేసింది. మందు పేరు చెప్పలేదు, ముందు వీడియోలు పంపమన్నారు. గట్టి సిమెంటు నేల మీద ఒకటి, ఇసుకలో ఒకటి. ఎదురుగా వచ్చేటప్పుడు, అటు పోయేటప్పుడు, పక్క నుంచి, ఆపైన ఎడమకూ కుడికీ చిన్న చుట్టు తిప్పుతూ. మామూలు నడక, కాస్త చిన్న పరుగు. పగ్గం వదులుగా పట్టుకోవాలి, బిగించి పట్టుకుంటే తల కదలిక కనపడదు. నాలుగు డెక్కలకూ ముందు నుంచి, పక్క నుంచి, అడుగు నుంచి ఫోటోలు. ఫోటో తీసేటప్పుడు ఫోను నేల మీద పెట్టి తీయాలట, పైనుంచి తీస్తే డెక్క ఆకారం మారిపోయి కనపడుతుందట. ఇవన్నీ పంపడానికి మాకు ఖర్చయింది ఒక పూట. గుర్రాలున్న ప్రతివాళ్లూ గుర్రం బాగున్నప్పుడే ఇట్లాంటి వీడియో ఒకటి తీసి పెట్టుకోవాలి, రేపు తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

తల కదలిక అన్నాను కదా, అది చాలామంది తిరగేసి చదువుతారు. చిన్న పరుగులో నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనేటప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, ఆ కాలి మీద బరువు తగ్గించుకోవడానికి. బాగున్న కాలు ఆనేటప్పుడు తల కిందికి దించుతుంది. మనవాళ్లు తల వంచిన వైపే నొప్పి ఉందనుకుని మంచికాలికి కట్టు కట్టి కూర్చుంటారు. రెండు ముందుకాళ్లూ సమానంగా నొప్పెడితే మాత్రం తల ఊపే ఉండదు, అడుగులు పొట్టివవుతాయి, అంతే. మా రాణిది ఈ రెండో రకం, అందుకే అంతమందిలో ఒక్కరికీ అంతు చిక్కలేదు. ఇంకో గుర్తు, గట్టి నేల మీద తేడా ఎక్కువైతే డెక్కను, మెత్తటి ఇసుకలో ఎక్కువైతే కాలి వెనక నరాన్ని (టెండన్‌ను) ముందుగా అనుమానించాలి. ఇది ఖచ్చితమైన లెక్క కాదు, ఎటు వెతకాలో చెబుతుంది.

చెయ్యి పెట్టి చూసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఎండలో నిలబడి వచ్చిన గుర్రానికి డెక్కలు ఎట్లాగూ వేడిగానే ఉంటాయి కాబట్టి నీడలో కాసేపు కట్టేశాక నాలుగు డెక్కలనూ ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. చీలమండ వెనక రెండు పక్కలా వేళ్లతో మెల్లగా పడితే నాడి తెలుస్తుంది, బాగున్న గుర్రానికి అది వెతికితే గానీ దొరకదు, డెక్కలో వాపు గానీ చీము గానీ ఉంటే వేలి కింద టకటక కొట్టుకుంటుంది. రోజూ పట్టి చూసే అలవాటుంటేనే ఈ తేడా అర్థమవుతుంది. డెక్క ఎత్తి కొక్కెంతో మట్టి తీశాక వాసన చూడాలి, ముక్కు మూసుకోవద్దు. మధ్యలో కోణంగా ఉండే మెత్తటి భాగం పక్క గాడుల్లో నల్లటి జిగురు, కుళ్లు కంపు ఉంటే లాయం తడిగా ఉందని అర్థం, దాన్ని శుభ్రం చేసి ఆరబెట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. అరికాలికీ డెక్క గోడకూ మధ్య తెల్లగీత ఒకటి ఉంటుంది, దాని వెంబడి నల్లటి చుక్క కనపడితే అక్కడి నుంచి మట్టి లోపలికి దూరి చీము పట్టి ఉండొచ్చు. చీముగడ్డ మొదట్లో కొంచెం కుంటుగానే ఉండి రాత్రికి రాత్రి కాలు మోపలేని స్థితికి తెస్తుంది, డాక్టరు చిన్న దారి చేసి చీము వదలగొడితే అంతే తొందరగా తేరుకుంటుంది. దాన్ని మనమే కత్తితో తవ్వడం మాత్రం వద్దు. అడుగున మేకు దిగి కనపడినా వెంటనే పీకేయకుండా, అది ఇంకా లోపలికి దిగకుండా చూసుకుంటూ డాక్టరును పిలిస్తే అది ఎంత లోతు పోయిందో, ఎటు పోయిందో ఆయనకు తెలుస్తుంది. పీకక తప్పకపోతే ఎక్కడ దిగిందో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి, ఆ జబ్బు గుర్రాలకు పట్టినంత తేలిగ్గా వేరే పశువులకు పట్టదు, దాని క్రిములు మట్టిలో, లద్దెలో ఎప్పుడూ ఉండేవే.

ఇక లాడాలు. ఇదే మా అసలు బాధ. ఒంగోలు గిత్తల గడ్డ మనది, ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్లు ఒకప్పుడు ప్రతి సంతలో ఉండేవాళ్లు, ఎద్దును తాళ్లతో పడేసి, కాళ్లు కట్టి, చీలిన గిట్టకు పలచటి రేకులు కొట్టేవాళ్లు. ట్రాక్టర్లొచ్చి వాళ్లూ తగ్గిపోయారు. మిగిలిన కొద్దిమందే మా గుర్రాలకూ కొడుతున్నారు. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయను, కానీ గుర్రం డెక్క వేరు. డెక్క నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ముందు కొన దగ్గర పైనుంచి కిందిదాకా కొత్త గోడ రావాలంటే ఏడాది దాకా పడుతుంది. లాడం కొట్టి ఉంటే ఆ పెరిగింది అరగదు. ఆరు వారాలు, మహా అయితే ఎనిమిది వారాలకు లాడం విప్పి, డెక్క చెక్కి, మళ్లీ కొట్టాలి. మనవాళ్లు లాడం అరిగి ఊడిపోయేదాకా ఆగుతారు, ఇనుము బాగుంది కదా అని. ఇనుము బాగుంటుంది, దాని కింద కొన పొడుగై, మడమ కుంగిపోయి, ప్రతి అడుగుకూ కాలి వెనక నరం మీద, మడమ లోపలి చిన్న ఎముక మీద లాగుడు పడుతుంది. కొట్టేటప్పుడు మేకు తెల్లగీత దాటి కండకు దగ్గరగా పోయినా ఇబ్బందే. కండలో దిగితే అప్పుడే కాలు లాక్కుంటుంది, తెలిసిపోతుంది. దగ్గరగా పోయి ఒత్తుకుంటే రెండు మూడు రోజులకు గానీ బయటపడదు, అప్పటికి లాడం సంగతి ఎవరికీ గుర్తుండదు, కారణం తెలియని కుంటు అని పేరు పడుతుంది. అందుకే లాడం కొట్టిన తేదీ లాయం గోడ మీద బొగ్గుతో అయినా రాసిపెట్టుకోవాలి. కుంటు కనపడితే ఒక్కో మేకు తల మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూస్తే ఎక్కడ ఉలిక్కిపడుతుందో దొరుకుతుంది.

ఆ పెద్ద డాక్టరు గారు చివరికి మా మీద దయతో కావలికే వచ్చి రాణిని చూశారు. డెక్కను అంగుళం అంగుళం నొక్కి చూసే పెద్ద పటకారు ఒకటి తెచ్చారు, అట్లాంటిది నేను అప్పటిదాకా చూడలేదు. రెండు ముందుకాళ్లకూ కొన దగ్గర అరికాలు నొక్కితే కాలు లాక్కుంది, మడమ దగ్గర నొక్కితే ఊరుకుంది. చీము లేదు. నాడి కాస్త ఎక్కువగా ఉంది. లాడాలు విప్పించి చూస్తే అరికాలి మీద ఎర్రగా కమిలిన మచ్చలున్నాయి, వానకు నాని మెత్తబడిన అరికాలు కంకర రోడ్డు మీద దెబ్బ తిన్నదన్నారు. అరికాలు పలచగా ఉందని, చెక్కినాయన అడుగున ఎక్కువ గీకేసి కొన మాత్రం పొడుగ్గా వదిలేశాడని అన్నారు. తర్వాత "ఏం పెడుతున్నారు?" అని అడిగారు.

ఏం పెడతాం, ఉలవలు, తవుడు, వరిగడ్డి, దొరికినప్పుడు పచ్చగడ్డి. ఆయన అడిగింది ఊరేగింపుల్లో ఏం తింటోందని. అక్కడ అడ్డూ అదుపూ ఉండదండీ. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు బెల్లం ముక్క పెడతారు, అరటిపళ్లు, బూందీ, లడ్డూలు, ఒకచోట పళ్లెం నిండా పులిహోర పెట్టారు. ప్రేమతోనే పెడతారు, కాదనను. అయితే గుర్రం వాంతి చేసుకోలేని జంతువు, తినకూడనిది తింటే అది కడుపులోనే ఉండి శూల తెస్తుంది. తీపి, పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే ఆ దెబ్బ డెక్క లోపల కూడా తగులుతుంది, దాన్ని లామినైటిస్ అంటారు. గోరు కింద కండ వాచి గోరు వేలిని వదిలేస్తే ఎట్లా ఉంటుందో అట్లా, డెక్క గోడకూ లోపలి ఎముకకూ ఉన్న పట్టు సడలుతుంది. ముదిరితే ఆ ఎముక కిందికి తిరిగిపోతుంది, అప్పుడు గుర్రాన్ని నిలబెట్టడం చాలా కష్టం. ముందుకాళ్లు రెండూ ముందుకు చాపి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది, తిప్పితే తిరగదు, ఊరికే పడుకుంటుంది, నాడి గట్టిగా కొట్టుకుంటుంది. అది కనపడితే మర్నాటి దాకా ఆగకూడదు, డాక్టరు వచ్చేలోపు దాణా ఆపేసి, మెత్తటి ఇసుకలో నిలబెట్టి, డెక్కలను ఐసునీళ్లలో ఉంచాలి. నడిపిస్తే సర్దుకుంటుందని తిప్పేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఈనిన ఆడగుర్రానికి మాయ పడకుండా ఉండిపోయినా, బాగా కొవ్వు పట్టిన గుర్రానికైనా, గట్టి రోడ్డు మీద గంటల తరబడి డ్యాన్స్ ఆడించినా ఇది రావచ్చు. రాణికి అంతదూరం రాలేదు, ఆ దారిలో మొదటి అడుగు వేసిందో లేదో కూడా ఎక్స్‌రే లేకుండా చెప్పలేనన్నారు. డెక్క ఎక్స్‌రే తీయించాలంటే తిరుపతి వెటర్నరీ కాలేజీకో, మద్రాసు వేపేరి కాలేజీకో తోలుకుపోవాలి, కాళ్లనొప్పులున్న గుర్రాన్ని లారీలో అంతదూరం నిలబెట్టి తీసుకుపోవడం ఎట్లాగో చెప్పండి.

కాబట్టి మాకు అసలు కారణం ఇదీ అని ఒక్క మాటలో తేలలేదు. లాడాలు లేకుండా ఇసుక పరిచిన పొడి లాయంలో విశ్రాంతి, కొన తగ్గించి కొద్దికొద్దిగా చెక్కడం, బెల్లం బంద్, తవుడు తగ్గించి గడ్డి పెంచడం, తర్వాత లాడం కింద తోలు ముక్క వేసి కొట్టడం. ఇవన్నీ కలిసి పనిచేశాయి, ఇందులో ఏది ఎంత అని అడిగితే డాక్టరు గారే నవ్వేశారు. సంక్రాంతి పోయి మాఘం ముహూర్తాలు వచ్చినా బయటికి తీయలేదు. ఆ నష్టం మాకు తగిలింది, అప్పు కూడా చేశాం. అయినా సరే, కారణం దొరకలేదు కాబట్టి కుంటు అసలు లేదని సర్దిచెప్పుకుని పనికి తోలి ఉంటే ఇవాళ రాణి ఉండేది కాదు.

ఇంజెక్షన్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పి మందు డాక్టరు చెబితే వాడొచ్చు, తప్పు లేదు, విశ్రాంతితో పాటు అదీ వైద్యమే. ఊరేగింపుకు గంట ముందు మెడికల్ షాపులో కొని పొడిపించేది వైద్యం కాదు. నొప్పి తెలియకపోవడంతో ఆ కాలి మీదే ఎగురుతుంది, ఉన్న దెబ్బ రెట్టింపవుతుంది. మర్నాడు డాక్టరు వచ్చినా మందు మత్తులో కుంటు కనపడక ఆయనకూ ఏమీ తేలదు. నీళ్లు సరిగా తాగని, చెమట కారి అలిసిన గుర్రానికి ఆ మందులు కిడ్నీలను, పేగులను దెబ్బతీస్తాయి. ఇంకో సంగతి, పశువులకు డైక్లోఫెనాక్ వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు, ఆ మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు చచ్చిపోతున్నాయని. మనుషుల కోసం అమ్మే సీసా తెచ్చి గుర్రానికి పొడిస్తే అది కూడా ఆ నిషేధాన్ని తుంగలో తొక్కడమే. మెలాక్సికమ్ లాంటివి ఉన్నాయి, ఎంత, ఎన్ని రోజులు అనేది డాక్టరే చెప్పాలి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు గుర్రాలున్నవాళ్లు నీళ్ల సంగతి కూడా మనసులో పెట్టుకోండి. అక్కడి ఫ్లోరైడ్ కష్టం అందరికీ తెలిసిందే, అయితే మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఆ జబ్బు ఇక్కడ మొదట బయటపడింది పశువుల వల్లనే, దున్నే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని రైతులు గమనించారు, మనుషుల సంగతి తర్వాత బయటపడింది. అప్పట్లో ఆ ఊళ్లన్నీ నెల్లూరు జిల్లాలోవే. తాగేనీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. అది మనుషుల లెక్క, పశువుల తొట్టిలో నీళ్లు ఎవరు పరీక్ష చేయిస్తున్నారు? గుర్రం ఏళ్ల తరబడి అదే బోరు నీళ్లు తాగుతూ, పళ్ల మీద గోధుమ రంగు గార పడి, నాలుగు కాళ్లూ మెల్లమెల్లగా బిగుసుకుపోతుంటే నీళ్లు పరీక్ష చేయించడం మంచిది. నిన్న బాగుండి ఇవాళ కుంటే గుర్రానికి మాత్రం ఇది కారణం కాదు, ముందు డెక్క చూడండి.

బాడుగకు పిలిచేవాళ్లకు నా మనవి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి గుర్రం దగ్గరికి వెళ్లి సిమెంటు నేల మీద అటూ ఇటూ నడిపించమని అడగండి, మాకేం కోపం రాదు. అడుగు తేడాగా ఉంటే వేరే గుర్రం అడగండి. గుర్రమాయన ముందురోజు ఫోను చేసి కాలు బాగాలేదంటే పోట్లాడకండి, బండి మీదో కారు మీదో ఊరేగండి, పెళ్లి ఏమీ ఆగిపోదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది, జబ్బు, పుండు, నీరసం వల్ల పనికి పనికిరాని జంతువుతో పని చేయిస్తే దాని ప్రకారం నేరం. బండి లాగే, బరువు మోసే పశువుల గురించి 1965 నిబంధనలు కూడా ఉన్నాయి. రోజుకు మొత్తం 9 గంటలు దాటకూడదు, విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనికి కట్టకూడదు. వైశాఖంలో మన నెల్లూరు ఎండ ఎంత ఉంటుందో నేను చెప్పాలా? పగటి ముహూర్తానికి నల్లటి తారు రోడ్డు మీద గుర్రాన్ని ఆడించమనేవాళ్లు ఒక్క నిమిషం చెప్పులు విప్పి ఆ రోడ్డు మీద నిలబడి, ఆ తర్వాత అడగండి. డ్యాన్స్ తప్పదంటే రాత్రి పూట, మట్టి నేల మీద, కాసేపు.

పశుసంవర్ధక శాఖ జాయింట్ డైరెక్టర్ (జేడీ) గార్లకు కూడా ఈ ఉత్తరం ద్వారా అడుగుతున్నాను. 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తోంది, ఆ మేలు మేం మర్చిపోం. కానీ అందులో వచ్చే డాక్టర్లకు గుర్రం డెక్క చూసే పటకారు లేదు, అవసరం కూడా వాళ్లకు తరచుగా రాదు. కాబట్టి నెల్లూరులో ఒకచోట, ఒంగోలులో ఒకచోట, నెలకు ఒక రోజు గుర్రాలకని కేటాయించండి. ఆ రోజు తిరుపతి కాలేజీ నుంచి గుర్రాల వైద్యం తెలిసిన ఒక డాక్టరు, మోసుకొచ్చే చిన్న ఎక్స్‌రే మిషను, ధనుర్వాతం టీకాలు ఉంటే చాలు. ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్లను ఆ రోజే పిలిపించి, గుర్రం డెక్క ఎట్లా చెక్కాలో, మేకు ఎటు నుంచి ఎటు రావాలో చూపించి, కొలతల ప్రకారం లాడాలు ఇప్పిస్తే వాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి. గాడిదలున్న చాకలి కుటుంబాలు, ఇటుక బట్టీల వాళ్లు కూడా వస్తారు, వాటి డెక్కలు పొడుగై తిరిగిపోయి ఉంటే పట్టించుకునే నాథుడు లేడు.

ఇది పెద్ద ఖర్చు పని కాదని మా అందరి అభిప్రాయం. వైశాఖం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక్క క్యాంపు పెట్టి చూడండి, ఎంతమంది వస్తారో మీకే తెలుస్తుంది. తేదీ, చోటు చెబితే కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు గుర్రాలవాళ్లందరికీ కబురు పెట్టే బాధ్యత నాది, గుర్రాలను తోలుకొచ్చే బాడుగ మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
కావలి నుంచి ఒక గుర్రాల యజమాని